మీతో ఎవరొచ్చారు?

ఇంట్లో అందరికంటే చిన్నది కావటంతో ఆమెకు బుల్లి అన్న పేరు పడింది. యాభై దాటి, జుట్టు సగం నెరిసి, మందుల కంపెనీ ల్యాబ్‌లో అందరూ మేడం అని లేచి నిలబడే హోదాకు వచ్చేసరికి ఆ పేరుతో పిలిచేవాళ్లంతా ఒక్కొక్కరుగా కాలం చేశారు. మిగిలింది అన్నయ్య ఒక్కడే. అతనూ ఎక్కువగా ఆదివారం పూట ఫోనులోనే.

అన్నయ్య దుకాణాలకు బోర్డులు రాసే ఆర్టిస్టు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "టర్పెంటైన్ వాసన భరించే పిల్ల దొరకలేదండీ" అని నవ్వేసేవాడు. బుల్లికి పెళ్లీ అయింది, విడిపోవటమూ అయింది. కేకలు, కన్నీళ్లు ఏమీ లేవు. అలమరలో ఒక అర ఖాళీ అయింది, తర్వాత ఇంకో అర ఖాళీ అయింది, ఒకనాటికి ఆయనా లేడు. అప్పటినుంచీ ఇంటికి రాగానే టీవీ పెట్టటం అలవాటు చేసుకుంది. ఏం వస్తోందో చూసేది కాదు. పక్క గదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉంటే వంటింట్లో చెయ్యి ఆడేది.

ఆమె ల్యాబ్‌లో ఏం చేస్తుందో చుట్టాల్లో ఎవరికీ అంతుపట్టలేదు. అన్నయ్య మాత్రం విడవకుండా అడిగేవాడు, ఆమె విసుక్కోకుండా చెప్పేది.

"ఆపరేషన్ చేసినప్పుడు లోపల కుట్లు వేస్తారు చూడు, వాటంతట అవే కరిగిపోతాయి. ఆ దారం జాతి పాలిమరే మేం వాడేది. దాంతో కంటికి ఆనని గోళీలు చేసి, వాటిలో మందు ఇరికిస్తాం. పాలిమర్ మెల్లమెల్లగా కరుగుతుంది, మందు మెల్లమెల్లగా బయటికొస్తుంది. మోసుకెళ్లి దింపే పని గోళీది, జబ్బు నయం చేసే పని మందుది."

"ఎంత ఉంటుందేమిటి ఒక్కో గోళీ?"

"వెంట్రుక మందంలో కొన్ని వందలు పక్కపక్కన పట్టేస్తాయి."

"అయితే నీకు బుల్లి అని పేరు పెట్టినవాళ్ల నోరు వృథా పోలేదే!" అని అవతల పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు విన్నాక ఆ ఆదివారం కాస్త త్వరగా గడిచేది.

అన్నయ్యకు కంటి జబ్బు మొదలైన సంగతి అతని పనిలోనే బయటపడింది. ఒక చెప్పుల దుకాణం యజమాని వచ్చి, బోర్డు కింది గీత బట్టలారేసిన తాడులా మధ్యలో వేలాడుతోందని గొడవ పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా గీస్తున్న చెయ్యి, వంకర పోవటమేమిటని అన్నయ్య స్కేలు తీసి ఆనించాడు. తీరా చూస్తే స్కేలే వంగి కనిపించింది. దాన్నో పెద్ద జోకులా ఫోనులో చెప్పాడు. "స్కేలు కూడా ముసలిదైపోయిందే బుల్లీ, నడుం వంగింది" అన్నాడు. బుల్లికి నవ్వు రాలేదు. అలాంటి లక్షణం గురించి ఆమె ఎన్నో వ్యాసాల్లో చదివింది. మర్నాడే ల్యాబ్‌కు సెలవు పెట్టి కంటి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

అనుకున్నంతా అయింది. కంటి వెనక పొర కింద అక్కర్లేని రక్తనాళాలు పుట్టుకొచ్చి కారుతున్నాయి. ఎడమ కంటిలో ముదురుతోంది, కుడి కంటిలో ఇంకా ఛాయ మాత్రమే ఉంది. మందుంది, కానీ అది నెలనెలా కంటిలోకి సూదితో వెయ్యాలి. ఆ నెలనెలా పొడిపించుకోవటాన్ని తగ్గించటానికే బుల్లి ల్యాబ్ ఇన్నేళ్లుగా గోళీలు చేస్తోంది. ఏ జబ్బు కోసం తల బద్దలు కొట్టుకుంటోందో ఆ జబ్బు తన అన్నయ్యకే రావటం ఆమెకు మింగుడుపడలేదు. అయినా పైకి ధైర్యంగానే మాట్లాడింది. మొదటి సూది వేయించుకుని అన్నయ్య కంటి మీద దూది పెట్టుకు కూర్చుంటే, అతని మోచెయ్యి పట్టుకుని ఉత్సాహంగా చెప్పింది.

"కాస్త ఓపిక పట్టు అన్నయ్యా. మా మందు వచ్చిందంటే ఈ తిప్పలుండవు. ఆరు నెలలకోసారి వేయించుకుంటే చాలు."

"అదెప్పుడొస్తుందే?"

"వచ్చేస్తుంది, ఎంతోకాలం పట్టదు."

ఆ మాట నిజమే అనుకుని అంది. ప్రయోగాలు చేసేవాళ్లు మొదట తమను తామే నమ్మించుకోవాలి, లేకపోతే మర్నాడు పొద్దున్న బీకరు పట్టుకోలేరు.

మొదట్లో ఆమే వెంట వెళ్లింది. ఆ తర్వాత ల్యాబ్‌లో పని అడ్డం తిరిగింది. గోళీలు బాగానే తయారవుతున్నాయి. పాలిమర్‌నీ మందునీ కలిపిన ద్రవాన్ని సన్నటి ధారగా నీటిలోకి వదిలి గిరగిరా తిప్పితే నీరు పాలలా తెల్లబడుతుంది. ద్రావకం ఆవిరైపోయాక మిగిలినదాన్ని గడ్డకట్టించి ఆరబెడితే సీసా అడుగున దూదిలాంటి తెల్లటి పొడి మిగులుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఒంటి వేడి దగ్గర ఉప్పునీటిలో వేసి చూస్తే, ఆరు నెలలు రావలసిన మందులో సగం మొదటి రోజే బయటికి వచ్చేస్తోంది. గోళీ కడుపులో ఉండాల్సిన మందు దాని చర్మానికి అతుక్కుని కూర్చుంటోందన్నమాట. ద్రావకాన్ని త్వరగా ఆవిరి చేసి చూశారు, నెమ్మదిగా ఆవిరి చేసి చూశారు. కడిగారు, మళ్లీ కడిగారు. కడిగితే మందు పోతోంది, కడగకపోతే మొదటి రోజే వరద.

"ఈ నెల నువ్వు రానక్కర్లేదులే. నేనేమైనా పసివాణ్ణా, వెళ్లొస్తాను" అన్నాడు అన్నయ్య ఒక ఆదివారం.

"నిజంగా వెళ్తావా?"

"వెళ్లక? నీ గోళీల సంగతి చూసుకో నువ్వు."

ఆమెకు గుండె మీది బరువు దిగినట్టయింది. అలా అనిపించినందుకు కొంచెం సిగ్గుపడింది కూడా. ఆ తర్వాత ప్రతి నెలా అడిగేది, అతను ప్రతి నెలా చెప్పేవాడు. "ఆఁ, వెళ్లొచ్చాను. చీమ కుట్టినట్టుంటుంది, అంతేగా." ఆ చీమ మాట ఎప్పుడూ ఒకేలా ఉండేది. ల్యాబ్‌లో ఒకే అంకె మళ్లీమళ్లీ వస్తే యంత్రాన్ని అనుమానించే మనిషి, అన్నయ్య మాటను మాత్రం అనుమానించలేదు.

చివరికి దారి దొరికింది. గోళీకి పైన మందు కలపని పాలిమర్‌తోనే ఇంకో పలుచటి పొర వేస్తే మొదటి రోజు వరద ఆగింది. కుందేళ్ల కళ్లలో వేసి చూశారు. నెలలు గడుస్తున్నా మందు కావలసినంత మోతాదులోనే ఉంది, కన్ను ఎర్రబడలేదు. ఆ ఫలితం వచ్చిన రోజు డైరెక్టరు గారు ల్యాబ్‌లోకి స్వయంగా వచ్చి బుల్లి చెయ్యి ఊపేశారు. కుర్రకారు కేకు తెచ్చి కోశారు. అందరూ ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఫొటోలు దిగుతుంటే, బుల్లి కాగితపు ప్లేటు పట్టుకుని కిటికీ పక్కన నిలబడింది. వాళ్లు ఆమెను పిలవకపోలేదు. పిలిచినప్పుడు వెళ్లి నిలబడింది, నవ్వింది, ఫొటో అయిపోగానే వాళ్లు మళ్లీ వాళ్లలో వాళ్లు మాటల్లో పడ్డారు. ఇంత మంచి కబురు ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తే ఒక్క మొహమే గుర్తొచ్చింది. ఫోనులో చెప్పే కబురు కాదనుకుని, కోటు విప్పి కొక్కేనికి తగిలించి, పట్టపగలే ల్యాబ్ వదిలి బస్సెక్కింది.

అన్నయ్య ఉండేది ఒక టైర్ల దుకాణం పైన. ఇనప మెట్లు ఎక్కితే ఒకటే గది. ఒక మూల మంచం, ఇంకో మూల స్టవ్వు, మిగతా అంతా రంగు డబ్బాలు, బ్రష్‌లు, తిరగేసి పెట్టిన రేకులు. తలుపు తట్టగానే తీశాడు. ఎండ నేరుగా ఆమె మొహం మీద పడుతోంది.

"ఎవరండీ?" అన్నాడు.

ఎప్పటిలా వేళాకోళం అనుకుని ఆమె మాట్లాడకుండా నవ్వుతూ నిలబడింది. అతను నవ్వలేదు. తల పక్కకు తిప్పి, పిట్ట చూసినట్టు కంటి కొసతో చూశాడు.

"అరె, నువ్వా! చెప్పకుండా వచ్చేశావేం? రా, రా. టీ పెడతాను."

బుల్లి లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. చెప్పాలనుకున్న కబురు గొంతులోనే ఉండిపోయింది. అతను కప్పు అంచు మీద వేలు పెట్టుకుని, వేడి తగలగానే పొయ్యటం ఆపేశాడు. చక్కెర డబ్బా కోసం గోడ తడిమాడు. కిటికీ దగ్గర ఒక రేకు మీద సగం రాసిన బోర్డుంది. మొదటి అక్షరాలు పెద్దగా, మిగతావి చిన్నగా, ఒకదాని మీదికి ఒకటి వాలిపోతూ ఉన్నాయి. ఆ అక్షరాల మీద పలుచగా దుమ్ము పట్టింది.

"ఎప్పట్నుంచి అన్నయ్యా?" అంది.

"ఏది?"

"నాతో నాటకాలొద్దు. సూది వేయించుకుని ఎన్నాళ్లయింది?"

అతను టీ కప్పు ఆమె ముందు పెట్టబోయి గాలిలో ఆగాడు. ఆమె అందుకుంది. అతను మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీది రంగు మరకను గోకసాగాడు.

"ఒక్కణ్ణే రెండుసార్లు వెళ్లానే, ఒట్టు" అన్నాడు చివరికి. "అక్కడ కౌంటరు దగ్గర మొట్టమొదట అడిగేది కన్ను ఎలా ఉందని కాదు. మీతో ఎవరొచ్చారు అని. సూది వేశాక చూపు మసకేస్తుంది కదా, తోడు లేనివాళ్లకు వెయ్యరట. మొదటిసారి మా చెల్లెలు కింద ఉంది, వస్తోందని అబద్ధం ఆడాను. అయ్యాక గోడ పట్టుకుని, ఎవరూ చూడకుండా బయటపడ్డాను. రోడ్డు దాటేటప్పుడు మాత్రం భయమేసింది."

"రెండోసారి?"

"రెండోసారి పక్కన కూర్చున్నాయన్ని బతిమాలాను. వాళ్లావిడ కోసం వచ్చాడాయన. నాకు కూడా తోడుగా వచ్చానని చెప్పండి బాబూ అన్నాను. మంచివాడు, సరేనన్నాడు. కౌంటరమ్మాయి ఈయన మీకేమవుతారు అంది. ఆయన బిక్కమొహం వేశాడు, నేను తమ్ముడన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. నమ్మకపోయినా రాసుకుంది. జాలిపడిందే బుల్లీ. అది చూశాక మళ్లీ వెళ్లటానికి మొహం చెల్లలేదు."

"నన్ను పిలవచ్చుగా! ఒక్క ఫోను చేస్తే రానా?"

"నీ పని చెడుతుందని. నువ్వేమో రేపోమాపో ఆరు నెలల మందు తెచ్చేస్తానన్నావు. అదొచ్చేదాకా ఓపిక పడితే సరిపోతుంది కదా అనుకున్నాను. నువ్వు చేసే మందు, ఇంకొకళ్లదా?"

బుల్లి చేతిలో కప్పు చల్లారిపోయింది. కింద దుకాణంలో ఎవరో టైరుకు గాలి కొట్టిస్తున్న చప్పుడు అదే పనిగా వినిపిస్తోంది. ఆస్పత్రికి బయల్దేరుదాం లెమ్మని అతని చొక్కా తెచ్చి ఇచ్చినప్పుడు గానీ ఆమెకు తెలియలేదు, తను ఏడుస్తున్నానని. అతనికి అది కనపడలేదు.

కంటి డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. అన్నయ్యను బయట కూర్చోబెట్టి, బుల్లితో నెమ్మదిగా మాట్లాడింది.

"ఎడమ కంటిలో మచ్చ కట్టేసింది. మధ్య చూపు ఇక రాదు. ఇప్పుడు ఏ మందూ పనిచెయ్యదు. కుడి కంటిలోనూ నీరు చేరి చూపు బాగా మసకబారింది, కానీ మచ్చ కట్టలేదు, ఇది చేతిలో ఉంది. నెల తప్పకుండా వేయిస్తే బోర్డులు రాయలేకపోయినా తన పనులు తను చేసుకుంటారు."

"ముందే వచ్చి ఉంటే?"

అటువంటి ప్రశ్నలు రోజూ వింటుంది కాబోలు, డాక్టరమ్మ బల్ల మీది పెన్ను తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

వరండాలోకి వచ్చాక బుల్లి అన్నయ్య మీద విరుచుకుపడింది. పదిమంది చూస్తున్నారన్న స్పృహ కూడా లేకుండా, బుద్ధుందా నీకు, పొగరుకు కళ్లు పోగొట్టుకుంటావా అని అరిచింది. అతను తిట్లన్నీ తల వంచుకుని విన్నాడు. ఆమె ఆయాసపడి ఆగాక, "అయిపోయాయా, ఇంకా ఉన్నాయా? ఉంటే కూర్చుని తిట్టు, కాళ్లు నొప్పులు పుడతాయి" అన్నాడు. ఆమె పక్కనే కూలబడింది. తను తిడుతున్నది అతన్ని కాదని అప్పటికి ఇద్దరికీ అర్థమైంది.

ఆ రోజే కుడి కంటికి సూది పడింది. తన ఇంటికి వచ్చి ఉండమని ఎంత బతిమాలినా అన్నయ్య వినలేదు. "నా గదిలో కళ్లు మూసుకున్నా తిరగగలను. మీ ఇంట్లో కళ్లు తెరిచినా గోడలకు గుద్దుకుంటాను" అన్నాడు. ఆమె అతన్ని మెట్లెక్కించి, దిగి, ఒంటరిగా ఇంటికి చేరింది. ఆ పూట టీవీ పెట్టలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో అన్నయ్య గదీ అంత నిశ్శబ్దంగానే ఉండి ఉంటుందని తోచింది. ఇద్దరూ ఇన్నేళ్లూ ఒకరికొకరు బాగున్నామని చెప్పుకుంటూ, ఒకే ఊళ్లో చెరో మూలా కూర్చున్నారు.

కొన్ని నెలలకు మందును మనుషుల మీద పరీక్షించటానికి అనుమతి వచ్చింది. బుల్లి ముందుగా డైరెక్టరు గారి గదికి వెళ్లి, తన అన్నయ్యను చేర్చుకుంటారా అని అడిగింది. ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలారు.

"మీకు తెలియందేముంది మేడం? ఒక కన్ను పోయినవాళ్లను తీసుకోం. ఉన్న ఒక్క కంటి మీదా కొత్త మందు వెయ్యలేం కదా. పైగా మీ సొంత మనిషి."

ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది. ఆ షరతులో ఒక్క అక్షరం కూడా తప్పని ఆమె అనలేదు, ఎందుకంటే దాన్ని రాసినవాళ్లలో తనూ ఉంది.

ఆ వారమే మీటింగు జరిగింది. ఎవరిని పరీక్షలో చేర్చుకోవాలి, ఎవరిని వద్దనాలి అని తెర మీద ఒక్కో షరతూ వేసి చదువుతున్నారు. వయసు, రక్తపోటు, ఇతర జబ్బులు. వాటి తర్వాత, ఆస్పత్రికి వచ్చినప్పుడల్లా వెంట ఒకరు తప్పనిసరి, లేనివారు అనర్హులు, అని చదివి ఆ చదివే ఆయన తర్వాతి దానికి వెళ్లిపోబోయాడు.

"ఒక్క నిమిషం" అంది బుల్లి. "వెనక్కి వెళ్లండి. తోడు లేనివాళ్లు ఏమైపోవాలి?"

అది ఎప్పుడూ ఉండే షరతేనని, అన్ని పరీక్షల్లోనూ ఉంటుందని ఎవరో సర్దిచెప్పబోయారు.

"ఎప్పుడూ ఉందని నాకూ తెలుసు. నేనూ ఎన్నోసార్లు సంతకం పెట్టాను. కానీ మనం ఈ మందు చేస్తున్నదే మాటిమాటికీ ఆస్పత్రికి రాలేనివాళ్ల కోసం. రాలేకపోవటానికి పెద్ద కారణం వెంట వచ్చే మనిషి లేకపోవటం. వాళ్లను గుమ్మంలోనే వెనక్కి పంపేసి, మిగతావాళ్ల మీద పరీక్షించి, అందరికీ పనిచేసిందని ఎలా చెబుతాం?"

"అయితే ఏం చెయ్యమంటారు?"

"మనమే మనిషిని పంపుదాం. ఇంటికెళ్లి తీసుకొచ్చి, పక్కన కూర్చుని, తిరిగి గుమ్మం దాకా దింపే మనిషిని."

ఖర్చులు చూసే పెద్దమనిషి పెదవి విరిచాడు. వాదన చాలాసేపు సాగింది. బుల్లి గొంతు పెంచలేదు, వెనక్కీ తగ్గలేదు. చివరికి డైరెక్టరు గారు ఆమె మొహంలోకి చూసి, ఏం అర్థం చేసుకున్నారో గానీ, "చేద్దాం. మొదటి విడతకు చేసి చూద్దాం" అన్నారు. బయటికి వస్తుంటే ఒక జూనియర్ ఆమె పక్కకు వచ్చి, వాళ్ల పెద్దమ్మ కూడా ఒక్కతే ఉంటుందని, ఎందుకో చెప్పాలనిపించిందని చెప్పి గబగబా వెళ్లిపోయింది.

పరీక్ష మొదలైంది. మందు వేయించుకున్నవాళ్ల పేర్లు బుల్లికి తెలియవు, నంబర్లే వస్తాయి. చాలామందిలో మందు అనుకున్నట్టే పనిచేసింది. కొద్దిమందికి కన్ను వాచింది. వాపు ఎందుకొచ్చిందో తేల్చటానికి ఆమె మళ్లీ బీకర్ల దగ్గరికి వచ్చింది. మందు బజారులోకి రావటానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఈసారి ఆ మాట అన్నయ్యకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"నా కోసం వచ్చేట్టు లేదన్నమాట" అన్నాడు అన్నయ్య.

"లేదు."

"పోనీలే. వేరేవాళ్లకొస్తుంది." కాసేపాగి, "నెలనెలా నీ మొహం చూసే రాత నాకుంది, పక్క నుంచే అయినా" అన్నాడు.

సూది పడే రోజున బుల్లి ఏ పనీ పెట్టుకోదు. డైరెక్టరు గారు ఒకసారి పెద్దవాళ్లెవరో వస్తున్నారు, ఆ రోజు ఉండాలన్నారు. కుదరదండీ అని ఊరుకుంది. కారణం అడిగితే, మా అన్నయ్యతో వెళ్లాలి అని చెప్పింది. ఆ మాట పైకి అనటం ఆమెకు బాగుంది.

పోయిన నెల సూది అయ్యాక ఇద్దరూ బస్సెక్కారు. అన్నయ్య కంటి మీద దూది, దాని మీద టేపు. కిటికీ పక్క సీటు ఇచ్చిందామె, చూడటానికి కాదు, గాలి కోసం. దారిలో వచ్చే బోర్డులు చదివి వినిపించమన్నాడు. ఆమె చదువుతుంటే ఒక్కోదానికి అక్షరాల మధ్య ఎడం ఎలా ఉంది, రంగు ఏమిటి అని అడిగి, వంకలు పెట్టాడు. "ఎరుపు మీద నీలమా? వాడి చేతులు విరగ్గొట్టాలి" అన్నాడు. వెనక సీటావిడ కిసుక్కున నవ్వింది. కాసేపటికి మాటలు తగ్గాయి, అతని తల మెల్లగా ఒరిగి బుల్లి భుజం మీద వాలింది. చిన్నగా గురక మొదలైంది.

దిగాల్సిన స్టాపు వచ్చింది. కండక్టరు ఆమెకేసి చూశాడు. బుల్లి తల అడ్డంగా ఊపింది. బస్సు కదిలింది. చివరి స్టాపు దాకా వెళ్లి అదే బస్సులో తిరిగి రావచ్చులెమ్మని, భుజం కదలకుండా బ్యాగు ఒళ్లోకి తీసుకుని కూర్చుంది.